చేదు చుక్క

ఆ ల్యాబ్‌లో బాబాయి అంటే మనిషి కాదు, బ్యాక్టీరియా. కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి తెలియడానికి ఒక పూట పడుతుంది. పొద్దున్నే ఎవరో ఒకరు "బాబాయిని బయటికి తీశారా?" అంటారు. ఇంకొకరు "రాత్రికి రాత్రి బాబాయి బాగా ఒళ్లు చేశాడు" అంటారు. కొత్తవాళ్లు బిక్కమొహం వేసుకుని చూస్తారు. అప్పుడు అందరూ నవ్వుతారు. ఆ నవ్వుల్లో పిన్ని కూడా కలుస్తుంది. పిన్ని మాత్రం మనిషే. బాబాయి భార్య.

అసలు బాబాయి ఆ ల్యాబ్‌లోనే పనిచేసేవాడు. రంగుల ఫ్యాక్టరీ వెనక పారే మురుగుకాలువలోంచి మట్టి తెచ్చి, కలిపి, వడపోసి, పెంచి, ఏరి, చివరికి ఒక బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. దాని ఒంట్లో ఉండే ఎంజైము, చేదుబాదం వాసన కొట్టే ఒక విషపు ద్రవాన్ని తెల్లటి ఆమ్లంగా మార్చేస్తుంది. ఆరబెడితే చక్కెరలా పలుకులు పలుకులుగా ఉంటుంది. మందులు చేసేవాళ్లకీ, మొహానికి రాసుకునే క్రీములు చేసేవాళ్లకీ అది కావాలి. దాన్ని ఆరోమాటిక్ ఆమ్లం అంటారు గానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాదు. ఆయన పోయాక ఆయన్ని పిలిచిన పిలుపే బ్యాక్టీరియాకు వచ్చింది. దాన్ని చూసుకునే పని ఆయన భార్యకు వచ్చింది.

ఆ సోమవారం కూడా ఆమె రోజూలాగే బర్నరు ముందు కూర్చుంది. సన్నటి తీగను మంటలో ఎర్రగా కాల్చి చల్లారనిచ్చింది. పాత గొట్టంలో పేరుకున్న లేతగులాబీ రంగు పూతను తీగ కొసతో అంటీ అంటనట్టు తాకి, కొత్త గొట్టంలో ఏటవాలుగా గడ్డకట్టిన ఆహారం మీద అటూ ఇటూ గీసింది. గొట్టం మూతిని మంటకు చూపించి దూది బిరడా పెట్టింది. ఊపిరి బిగబట్టి చేయాల్సిన పని అది. గాలిలోంచి ఇంకో సూక్ష్మజీవి వచ్చి పడిందంటే అంతే సంగతులు.

"చుక్క వేశావా?" అని వెనకనుంచి వినబడింది.

ల్యాబ్ ఇన్‌చార్జి. ఆయనకు వెనకాల అందరూ పెట్టుకున్న పేరు చిటపట సారు. రిటైర్మెంటు దగ్గరపడింది గానీ చిటపటలు ఏమాత్రం తగ్గలేదు. తలుపు చప్పుడైనా కోపమే, చప్పుడు కాకుండా ఎవరైనా లోపలికి వచ్చినా కోపమే.

"వేశాను సారూ."

"చూసి వేశావా, కబుర్లాడుతూ వేశావా?"

"చూసే వేశాను."

చుక్క అంటే ఆ చేదుబాదం ద్రవం. ఆహారం కలిపేటప్పుడు అందులో అది కాస్త పడాలి. పడకపోతే బ్యాక్టీరియా మెత్తటి తిండి తిని బలుస్తుంది గానీ విషాన్ని ఆమ్లం చేసే విద్య మర్చిపోతుంది. ఈ సంగతి ఆమె చేరిన మొదటి రోజే ఆయన చెప్పాడు. ఆ తర్వాత గొట్టాలు మార్చిన ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె మర్చిపోలేదు. ఒక్కసారి కూడా ఆయన అడగడం మానలేదు.

ఆయన మీద ఆమెకున్న అసలు కోపం ఈ చుక్క గురించి కాదు. ల్యాబ్‌లో అందరూ బాబాయి అంటారు. ఆయన మాత్రం "పదిహేడో నంబరు" అంటాడు. తన భర్త పక్కనే, ఒకే బల్ల దగ్గర, ఒకే టీ కప్పు సగం సగం తాగుతూ కూర్చున్న మనిషి, ఇప్పుడు ఆయన మాట వస్తే చాలు మొహం తిప్పుకుని వెళ్లిపోతాడు. పోయినవాడి మీద కూడా అసూయేనా అని ఆమెకు చాలాసార్లు అనిపించింది. అనిపించిన ప్రతిసారీ మంటలో తీగ కాస్త ఎక్కువసేపు పెట్టింది.

మధ్యాహ్నం మేనేజరు గదిలోకి రమ్మని కబురొచ్చింది.

మేనేజరు వయసులో చిన్నవాడు, మాట మెత్తన. కూర్చోమని కుర్చీ చూపించాడు. మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. అంత మర్యాద చూసేసరికి ఆమెకు లోపల గుబులు పుట్టింది.

"మన కంపెనీని కొనబోయేవాళ్లు అన్నీ పరీక్ష చేయించుకుంటున్నారు కదా మేడం. మన బ్యాక్టీరియాను కూడా చేయించారు. దాని జన్యువులు చదివించారు." బల్ల మీది కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "మన కాగితాల్లో ఉన్నది ఇది కాదట."

"కాదంటే?"

"ఇది వేరేదట. దగ్గరి చుట్టమే అనుకోండి. రంగు అదే, చేసే పని అదే. కానీ మీవారు కనిపెట్టింది మాత్రం ఇది కాదు."

ఆమె గ్లాసు అందుకోబోయి చేయి వెనక్కి తీసుకుంది. "బాగానే పనిచేస్తోంది కదండీ."

"బ్రహ్మాండంగా చేస్తోంది. గొడవ అది కాదు. ఎప్పుడో బయటిదేదో వచ్చి కలిసి, అసలుదాన్ని కమ్మేసి ఉంటుందని వాళ్లు అంటున్నారు. ఇన్నేళ్లుగా దాన్ని చూసుకుంటున్నది మీరొక్కరే." గొంతు ఇంకా మెత్తన చేశాడు. "శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. మీరు సంజాయిషీ చెప్పుకోవాలి. నిర్లక్ష్యం అని తేలితే మీ ఉద్యోగం సంగతి నా చేతుల్లో ఉండదు."

ఉద్యోగం అనే మాట ఆమె చెవిలో పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు. అక్కడ ఇంకో మాట అప్పటికే తిష్ట వేసుకుని కూర్చుంది. మీవారు కనిపెట్టింది కాదు. అంటే ఆయనది ఎక్కడికి పోయింది? తన చేతుల్లోనే పోయిందా? ఏ రోజు? ఏ జలుబు చేసిన రోజు, ఏ నిద్ర చాలని రోజు, తన ఊపిరే తగిలి, తన చేతులతో తనే ఆయన్ని చంపేసుకుందా?

ల్యాబ్‌లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసింది. గొట్టాలన్నీ పొద్దున పెట్టినట్టే బుద్ధిగా నిలబడి ఉన్నాయి. రోజూ తలుపు వేసేముందు "వెళ్లొస్తా" అని లోపలే అనుకోవడం ఆమెకు అలవాటు. ఆ రోజు ఏమీ అనుకోలేదు. మీరెవరు అని అడగాలనిపించింది.

*

కూతురు డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది. ఇంటికొచ్చేసరికి ఉల్లిపాయలు తరుగుతోంది. తల్లి చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడిపోవడం చూసి కత్తి కింద పెట్టింది.

"ఏమైందమ్మా?"

ఆమె చెప్పింది. దాచడం చేతకాని మనిషి, మొదటినుంచి చివరిదాకా చెప్పింది. కూతురు పీట మీద కూర్చుని వింది. ఆ పిల్ల చిన్నప్పుడు నాన్న ఏడని అడిగితే, ఒక సెలవురోజు ల్యాబ్‌కు తీసుకెళ్లి ఫ్రిజ్ తలుపు తీసి ఆ గొట్టాలు చూపించింది. ఇవి మీ నాన్న పట్టుకున్నవి, మనం పెంచుకుంటున్నాం అంది. పరీక్షలకు ముందు అందరూ ఇంకెక్కడికో వెళ్లి దండాలు పెట్టుకుంటే ఆ పిల్ల "నాన్నకు చెప్పు" అని తల్లితో కబురు పంపేది. పెద్దయ్యాక కూడా మానలేదు. నవ్వుతూ చెప్పేది గానీ చెప్పేది.

"అయితే నాన్న లేనట్టేనా అమ్మా?" అంది ఇప్పుడు.

"ఎప్పుడో లేడు కదే."

"అది కాదు."

అది కాదని ఆమెకూ తెలుసు. ఉల్లిపాయల వాసన గదంతా నిండి ఉంది కాబట్టి కళ్లు తుడుచుకున్నా ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది.

"ఉద్యోగం తీసేస్తారా?" అని కాసేపటికి అడిగింది కూతురు.

"తీసేస్తే తీసేశారు. ముందు అదెప్పుడు పోయిందో నాకు తెలియాలి. నా చేతిలో ఏ రోజు పోయిందో తెలియకుండా నేను బతకలేను."

*

మర్నాడు చలిపెట్టె అడుగునుంచి పాత గాజు గొట్టాలు బయటికి తీసింది. ఏటా కొంచెం బ్యాక్టీరియాను ఎండబెట్టి, పొడి చేసి, చిటికెన వేలంత గాజు గొట్టంలో వేసి, మూతిని మంటలో కరిగించి మూసేస్తారు. లోపల అది నిద్రపోతూ ఉంటుంది. తడి తగిలితే లేస్తుంది. ఏటా ఒకటి చొప్పున వరసగా తెరిస్తే ఎక్కడ మారిందో బయటపడుతుందని ఆమె ఆలోచన.

ల్యాబ్‌లో కళ్లజోడు అమ్మాయి ఒకతె ఉంది. జన్యు పరీక్షలు చేయించే పని ఆమెది. "పిన్నీ, మీరు తెరిచి ప్లేట్ల మీద పెంచండి, నేను పరీక్షకు పంపిస్తాను. బయటి ల్యాబ్‌లో తెలిసినవాళ్లున్నారు, త్వరగా చేసిపెడతారు" అంది.

ఆకురాయితో గాజు మెడ మీద గీటు పెట్టి, స్పిరిట్ తడిపిన దూది చుట్టి, టప్పున విరిచి, లోపలి పొడి మీద చుక్క నీళ్లు వేయడం. ఒక్కొక్కటి విరిచినప్పుడల్లా ఆమె గుండె కూడా టప్పుమంటోంది. అన్నిటికంటే పాతది, తను చేరకముందు మూసినది, చేతిలోకి తీసుకునేసరికి వెనక చిటపట సారు వచ్చి నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావు?"

"పాతవి తెరుస్తున్నాను సారూ. ఎప్పుడు చంపానో తెలుసుకోవాలి."

ఆయన ఆ గొట్టం వంక చూశాడు. రేగిపోతాడని, గాజులు పాడుచేస్తున్నావని అరుస్తాడని ఆమె సిద్ధంగా ఉంది. ఆయన అరవలేదు.

"అది తెరవకు. అంత పాతది లేవదు. వృథా" అన్నాడు.

"లేస్తుందేమో చూస్తాను."

"చెబితే వినవు కదా" అని వెళ్లిపోయాడు. ఆ మాటల్లో ఎప్పటి వేడి లేదు. అదేమిటో అప్పుడామె పట్టించుకోలేదు.

పాతది కూడా లేచింది. ప్లేట్లన్నిటి మీదా చిన్న చిన్న లేతగులాబీ చుక్కలు పొడిచాయి. ఆమె వాటిని వెలుతురుకు ఎత్తిపట్టి ఒకదానితో ఒకటి పోల్చి చూసింది. కవలపిల్లల్లో ఎవరు ఎవరో పోల్చుకోలేని తల్లిలా కళ్లు మండేదాకా చూసింది. ఏమీ తెలియలేదు. వీటిలో ఏదో ఒకటి ఆయనది అయి ఉండాలి, కనీసం ఒక్కటైనా అని ప్లేటు మూత మీద వేలితో నిమిరింది. ఒక్కటి చాలు. దాన్ని మళ్లీ పెంచుకుంటుంది. ఈసారి పక్కన గాలి కూడా ఆడనివ్వదు.

ఫలితాలు గురువారం మధ్యాహ్నం వచ్చాయి. కళ్లజోడు అమ్మాయి పరుగున వచ్చింది. ల్యాబ్‌లో పరుగెత్తకూడదన్న రూలు కూడా మర్చిపోయింది.

"పిన్నీ! మీ తప్పు కాదు! అన్నీ ఒకటే. పాతది కూడా ఇదే. మీరు చేరకముందే మారిపోయింది!"

అమ్మాయి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తోంది. ఆమెకు ముందు ఒళ్లంతా తేలికైంది. తను చంపలేదు. తన చేతుల్లో పోలేదు. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. అన్నీ ఒకటే అంటే, ఆయనది ఎక్కడా లేదు. ఆ ఒక్కటి కూడా లేదు.

ఆ తర్వాత మూడోది తట్టింది. తను చేరకముందు గొట్టాలు ఎవరి చేతుల్లో ఉన్నాయి? పాత గొట్టం మీద అంటించిన చీటీలో అక్షరాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఆ కోపిష్టి అక్షరాలు ఆ ల్యాబ్‌లో ఒక్కరివే.

*

చిటపట సారు గిన్నెలు కడిగే గదిలో తన టీ కప్పు తనే కడుక్కుంటున్నాడు. ఇంకొకరు కడిగితే సబ్బు వాసన పోదని ఆయన వాదన. ఆమె తలుపు దగ్గరగా వేసింది.

"ఆయన కల్చరును, ఆయన పట్టిన బ్యాక్టీరియాను పోగొట్టింది మీరు" అంది.

ఆయన కొళాయి కట్టలేదు. నీళ్లు కప్పులోంచి పొంగి కారుతూనే ఉన్నాయి.

"నన్ను నాలుగు రోజులుగా అందరూ హంతకురాలిలా చూస్తున్నారు. నేను కూడా నన్ను అలాగే చూసుకున్నాను. మీరు చూస్తూ ఊరుకున్నారు. ఇన్నేళ్లు చుక్క వేశావా, చుక్క వేశావా అని నా ప్రాణం తీశారు. మీరేమో ఆయన పోగానే..."

"వేయలేదు" అన్నాడు ఆయన.

"ఏమిటి?"

"చుక్క. నేనే వేయలేదు." కొళాయి కట్టేశాడు. కప్పు బోర్లించాడు. ఆ తర్వాత ఏం చేయాలో తోచక చేతులు గుడ్డకు తుడుచుకోబోయి, అది కనబడక, తడిచేతులతోనే నిలబడ్డాడు. "వాడు పోయిన వారమే గొట్టాలు మార్చాల్సి వచ్చింది. నేనే కూర్చున్నాను. ఆహారం కలిపాను. చేదు సీసా మూత తీశాను. ఆ వాసన... వాడి చొక్కాలన్నీ అదే వాసన వచ్చేవి. నీకు తెలుసు."

"తెలుసు" అంది. ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు.

"మూత పెట్టేశాను. ఈ ఒక్కసారికి లేకపోతే ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను. మళ్లీసారి కూడా నా వల్ల కాలేదు. ఆ పై సారి కూడా. గొట్టాలు చూస్తే ముచ్చటేసేలా పెరిగాయి. కడుపు నిండా తిని బలిశాయి. తీరా పనిలో పెట్టి చూస్తే ఒక్క పలుకు రాలేదు. ఉన్న గొట్టాలన్నీ అంతే. అన్నీ మర్చిపోయాయి."

"ఆయన విడిగా దాచినవి?"

"ఎక్కడ దాచాడు? ఎండబెట్టి దాయరా అని మొత్తుకునేవాణ్ని. రేపు అనేవాడు. వాడికి అన్నీ రేపే కదా."

ఆమెకు నవ్వొచ్చినంత పనైంది. ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు విందో. నవ్వు రాబోయిన చోటే ఏడుపు కూడా వచ్చి రెండూ ఆగిపోయాయి.

"కంపెనీ రహస్యమని బయట కూడా ఎక్కడా దాచనివ్వలేదు" అన్నాడు ఆయన. "అప్పటికే నీకు ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ కల్చరు ఉంది కాబట్టి ఇస్తామన్నారు. అది పోయిందంటే ఈ విభాగమే ఎత్తేసేవాళ్లు. నీకు చిన్నపిల్ల. నేనేం చేయను? మళ్లీ ఆ కాలువకే వెళ్లాను. సెలవు పెట్టి వెళ్లేవాణ్ని. మోకాళ్ల లోతు బురదలో దిగి, డబ్బాల కొద్దీ మట్టి తెచ్చి, వాడు చేసినట్టే అన్నీ చేశాను. వానలు మొదలయ్యాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు. వాడు అంత తేలిగ్గా ఎలా పట్టాడా అని వాణ్ని తిట్టుకునేవాణ్ని. చివరికి ఒకటి దొరికింది. రంగు కూడా అదే. వాడి నంబరే దానికి అంటించేశాను."

ఆమె ఇంకా బొట్లు కారుతున్న కొళాయిని గట్టిగా తిప్పి కట్టింది.

"మరి ఆయనవి?" అంది. "మర్చిపోయినవి. అవి బతికే ఉన్నాయి కదా. పని చేయకపోతేనేం. వాటినేం చేశారు?"

ఆయన ఆమె వంక చూడలేకపోయాడు. "ఏం చేస్తామమ్మా. ఆటోక్లేవ్‌లో పెట్టి ఉడికించి పారేశాను. పనికిరానివాటిని చేసేది అదే కదా."

ఆమె గోడకు ఆనుకుంది. ఆసుపత్రిలో ఆయన పోయాడని చెప్పినప్పుడు కూడా ఇలా ఆనుకోలేదు. అప్పుడు పిల్లను చూసుకోవాలి, తర్వాత ఉద్యోగం నేర్చుకోవాలి, ఆ తర్వాత గొట్టాలు ఉన్నాయి. ఆయన కొంచెమైనా మిగిలాడు, రోజూ పొద్దున్నే తిండి పెట్టాలి అనుకుంటూ ఏడవడానికి తీరిక లేకుండా గడిపేసింది. ఇన్నేళ్లుగా తను వెళ్లొస్తానని చెబుతున్నది ఎవరికో. తన బిడ్డ పరీక్షల ముందు కబురు పంపింది ఎవరికో. ఆయన ఒక సాయంత్రం చెత్తతోపాటు ఎప్పుడో వెళ్లిపోయాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాలనే అనుకున్నాను. నువ్వు చేరిన మొదటిరోజు ఆ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకున్నావు చూడు, అప్పుడు నోరు రాలేదు. తర్వాత వీళ్లంతా బాబాయి బాబాయి అని మొదలుపెట్టారు. వినలేక చచ్చేవాణ్ని."

బయట ఎవరో తలుపు తట్టి, మూసి ఉండటం చూసి వెళ్లిపోయారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. మళ్లీ ఎప్పటి చిటపట కొంచెం వచ్చింది.

"సరే విను. రేపు కమిటీలో నేను మాట్లాడతాను. నీకంటే ముందు, నా హయాంలో, బయటిదేదో వచ్చి కలిసిందని చెబుతాను. నిర్లక్ష్యం అంటారు. రిటైరయ్యేవాణ్ని, నాలుగు చీవాట్లు పెట్టి పొమ్మంటారు. నువ్వు నోరు మెదపకు."

"మరి మీరు కాలువలో వెతికింది?"

"ఏ కాలువ? నేనే కాలువకూ వెళ్లలేదు."

*

కమిటీ అంటే ముగ్గురే. మేనేజరు, కొనేవాళ్ల తరఫున వచ్చిన సైంటిస్టు ఒకావిడ, వాళ్ల లాయరు. బల్లకు ఇవతల పిన్ని, చిటపట సారు. కళ్లజోడు అమ్మాయి పరీక్షల ఫలితాలు చూపించి వెనక కుర్చీలో కూర్చుంది.

ఆయన అన్నట్టే చెప్పాడు. నిలబడి చెప్పాడు. ఆ రోజుల్లో తను సరిగ్గా చూసుకోలేదని, బయటి బ్యాక్టీరియా ఏదో కలిసిపోయి ఉంటుందని, ఈవిడకు అప్పగించేనాటికే అది అలా ఉందని, ఆవిడ తప్పు ఆవగింజంత కూడా లేదని. ఇంట్లో అద్దం ముందు అనుకుని వచ్చినట్టు తడబడకుండా చెప్పాడు.

మేనేజరు పెద్ద బరువు దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే మన అదృష్టమన్నమాట. పిలవని చుట్టం ఇంట్లో దూరి ఇంటి పనంతా చేసిపెడుతోంది."

లాయరు నవ్వాడు. సైంటిస్టు కూడా నవ్వింది. "నిజంగా అదృష్టమే. ఇంత బాగా పనిచేసే ఎంజైము కావాలని ఏళ్ల తరబడి వెతికేవాళ్లున్నారు. మీకేమో దానంతట అదే వచ్చి పడింది."

"మా ఇన్‌చార్జిగారు కునుకు తీసినా కంపెనీకి లాభమే" అన్నాడు మేనేజరు. ఈసారి అందరూ నవ్వారు. చిటపట సారు కూడా పెదాలు కదిపాడు. ఎవరైనా వేలెత్తి చూపిస్తే విరుచుకుపడే మనిషి, ఆ నవ్వులో నవ్వు కలిపి నిలబడ్డాడు.

పిన్నికి ఆయన మోకాళ్లు కనబడుతున్నాయి. ఆ మోకాళ్లు వానలో, మురుగులో, బురదలో. ఆమె ఒళ్లు మండిపోయింది. తన భర్తను చూసి ఎవరైనా ఇలా నవ్వి ఉంటే ఊరుకునేదా? మంచిమాట చెప్పడానికి భయమెందుకు? ఈయనకు దక్కాల్సింది ఈయనకు దక్కనీ. నిజం తెలిస్తే వీళ్లే లేచి నిలబడి దండం పెడతారు అనుకుంది.

"అది దానంతట అదే రాలేదు" అంది.

"అమ్మా, నువ్వు కూర్చో" అన్నాడు ఆయన చటుక్కున.

"రాలేదండీ. ఒక మనిషి కాలువలో దిగి వెతికి తెచ్చాడు. ఈయనే తెచ్చాడు." అన్నీ చెప్పేసింది. చుక్క వేయలేకపోవడం, తన భర్త కల్చరు పోవడం, మట్టి డబ్బాలు, వానలు, నంబరు. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "మావారిది పోయింది. అది ఎక్కడా లేదు. ఇది ఈయనది. రాసేదేదో ఈయన పేరు మీద రాయండి."

చెప్పడం అయిపోయింది. ఎవరూ లేచి నిలబడలేదు. మేనేజరు మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. లాయరు కలం మూత తీశాడు.

సైంటిస్టు మాత్రం ముందుకు వంగింది. "ఇది మీరు కనిపెట్టిందా?" అని అడిగింది ఆయన్ని.

చిటపట సారు పిన్ని వంక చూశాడు. ఎందుకమ్మా అన్నట్టు ఉంది ఆ చూపు. తర్వాత "అవునండీ" అన్నాడు.

"తెలిసే పాత నంబరు అంటించారా?" అన్నాడు లాయరు.

"అవునండీ."

"ఇన్నేళ్లు తెలిసే అందరికీ అలాగే అమ్మనిచ్చారు."

"అవునండీ."

ఆ మూడు అవునండీలతో అంతా తేలిపోయింది. కలిసిపోతే నిర్లక్ష్యం, మార్చిపెడితే మోసం. రెంటికీ మధ్య ఉన్న తేడా ఆయనకు నిన్ననే తెలుసు, అందుకే నోరు మెదపకు అన్నాడు. ఆమెకు ఆ గదిలో, అందరి ముందు, చెప్పేశాక తెలిసింది.

మధ్యాహ్నానికి ఉత్తర్వు వచ్చింది. ఆయన ఆ క్షణం నుంచి ల్యాబ్‌లో అడుగు పెట్టకూడదు. మేనేజరు పిన్నిని విడిగా పిలిచి, ఎప్పటి మర్యాదతోనే, "మీ నిజాయితీ మెచ్చుకోదగ్గది మేడం. మీ ఉద్యోగానికి ఏ ఢోకా లేదు" అన్నాడు. "పైగా మంచే జరిగింది. పాత కాగితాల్లో లేని కొత్త బ్యాక్టీరియా కాబట్టి కొత్తగా నమోదు చేయించుకోవచ్చట. వాళ్లు చాలా సంతోషంగా ఉన్నారు."

"ఎవరి పేరు మీద?"

"కంపెనీ పేరు మీద. ఇంకెవరి పేరు మీద ఉంటుంది?"

*

ఆయన బస్ స్టాప్‌లో ఉన్నాడు. చేతిలో గుడ్డ సంచి, అందులో టీ కప్పు, ల్యాబ్‌లో వేసుకునే చెప్పులు. అన్నేళ్ల నౌకరీకి ఆ సంచి కూడా నిండలేదు. ఆమె రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నా నోరు పడిపోను సారూ" అంది.

"నోరు మెదపకు అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. చెబితే వినవు కదా. మొన్నా వినలేదు, ఇవాళా వినలేదు." ఎప్పటిలాగే చిటపటలాడాడు. అది వినేసరికి ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది.

"మీకు పేరొస్తుందనుకున్నాను. నేను నాశనం చేశాను. రేపే వెళ్లి చెబుతాను. నేను కూడా మానేస్తాను."

"మానేసి? దానికి తిండి ఎవరు పెడతారు? ఆ కళ్లజోడు పిల్లా? ఆ పిల్ల పరుగులకు గొట్టాలు ఒక్కటి మిగలదు." కొంచెం జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. "కూర్చో. అందరూ చూస్తున్నారు."

ఆమె కూర్చుంది. రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి. ఆయన ఎక్కలేదు.

"నీతో ఒక్క మాట చెబుతాను" అన్నాడు చివరికి. గొంతు తగ్గించాడు. "ఆవిడ అడిగింది చూడు, ఇది మీరు కనిపెట్టిందా అని. ఇన్నేళ్లలో నన్నా మాట అడిగినవాళ్లు లేరు. లేకుండా చేసుకుంది నేనే అనుకో. కానీ అడిగేసరికి... సంతోషం వేసింది. కొంప మునుగుతోందని తెలుస్తూనే ఉంది, అయినా సంతోషం వేసింది. అవునండీ అన్నాను కదా, అది అబద్ధం ఆడలేక అన్నది కాదు. అనాలనిపించి అన్నాను." సంచి ఒళ్లో అటూ ఇటూ జరుపుకున్నాడు. "వాడు పోయాడు కాబట్టి కదా నాకది దొరికింది. అలాంటిదానికి సంతోషపడ్డాను. నువ్వేమైనా అనుకో."

"అది మీదే సారూ" అంది ఆమె. "మీరు సంతోషపడాల్సిందే."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంకో బస్సు వచ్చి ఆగింది. ఈసారి లేచాడు.

"వాడిదైతే ఇంకా బాగుండేది" అన్నాడు. మెట్టెక్కి లోపలికి వెళ్లిపోయాడు.

బస్సు కదిలింది. ఆమె బెంచీ మీదే ఉండిపోయింది. చుట్టూ ఆఫీసులు వదిలిన జనం. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, తల దించుకోలేదు. తన భర్త చచ్చిపోయాడని, ఆ రోజే కబురు తెలిసిన దానిలా, ఇన్నేళ్లకు గొంతెత్తి ఏడ్చింది.